నా ఇష్టపూర్తిగా

సూర్యకళ కడుపులో గడ్డ ఉందని డాక్టరు చెప్పిన వారంలోనే చుట్టాలందరికీ ఆవిడ కొడుకు మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

అంతకుముందు ఇరవై నాలుగేళ్ళపాటు ఆ ప్రేమని ఏ అటక మీద దాచుకున్నారో తెలియదు. మణిదీప్ పుట్టినప్పుడే డాక్టర్లు చెప్పేశారు, వీడికి ఒళ్ళు పెరుగుతుంది గానీ బుద్ధి ఐదారేళ్ళ దగ్గర ఆగిపోతుందని. గుండ్రటి మొహం, చిన్న కళ్ళు, ఎవరు కనబడినా విచ్చుకునే నవ్వు. మాట నాలుగు ముక్కలు దాటదు. మరిది వెంకటరాజు గృహప్రవేశం నాడు భోజనాల బంతిలో వాడి పక్కన కూర్చున్న పెద్దమనిషి లేచి వేరే చోటికి వెళ్ళిపోతే, తోడికోడలు రామతులసి వాడి విస్తరి ఎత్తి పెరట్లో గోలెం పక్కన వేసింది. "పాపం, వాడికి గాలి తగులుతుంది ఇక్కడ" అంది. సూర్యకళ కూడా తన విస్తరి పట్టుకెళ్ళి కొడుకు పక్కన నేల మీద కూర్చుని తినేసి వచ్చింది.

ఆ రామతులసే ఇప్పుడు పొద్దున్నే స్టీలు క్యారేజీతో దిగింది.

"అక్కా, నువ్వేం బెంగపెట్టుకోకు. ఆపరేషన్ అయ్యి నువ్వు లేచి తిరిగేదాకా మణిగాడు మా ఇంట్లోనే ఉంటాడు. వాడు నా కొడుకు కాదేంటి?"

అంటూనే వాడి మూతిని తన కొంగుతో తుడిచింది. సూర్యకళకి కడుపులో నొప్పి కంటే ఆ కొంగు ఎక్కువ బాధ పెట్టింది. కానీ వేరే దారి లేదు. వేసవి సెలవులని రావులపాలెంలో వాడు వెళ్ళే స్కూలు మూసేశారు. తమ్ముడు జానకిరామ్ తణుకులో ఉంటాడు, వాడికి ఫోన్ చేస్తే "ఇల్లు చిన్నదక్కా" అన్నాడు. మణిదీప్ బట్టలు సంచిలో సర్ది, వాడికి ఏ కూర పడదో, నిద్రలో ఎలా కలవరిస్తాడో అన్నీ రామతులసికి చెప్పి, రాజమండ్రి వెళ్ళి ఆసుపత్రిలో చేరింది.

ఆసుపత్రి మంచం మీద ఆవిడకి పోయిన భర్త మీద కోపం వచ్చింది. అలాంటి కోపం ఆయన పోయిన మూడేళ్ళలో ఎప్పుడూ రాలేదు.

శివరామకృష్ణ చెడ్డవాడేం కాదు. కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని కొబ్బరితోటంతా తిప్పిన మనిషి. ఊళ్ళోవాళ్ళు ఏమనుకున్నా వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే కాఫీ తాగిన మనిషి. కానీ వీలునామా అనే మాట వినబడితే చాలు మొహం చిట్లించేవాడు. మణిదీప్ స్కూలు నడిపే ప్రసన్నకుమారి గారు ఒకసారి తల్లిదండ్రులందర్నీ కూర్చోబెట్టి, "మీ తర్వాత మీ పిల్లల్ని ఎవరు చూస్తారు, ఏం పెట్టి చూస్తారు అనేది ఇప్పుడే రాసి పెట్టుకోండి. మీ పిల్లలు రేపు అడగలేరండి" అని చెప్పారు. ఆయన దారంతా విసుక్కుంటూనే వచ్చాడు.

"శుభమా అని బతుకుతుంటే చావు కాగితాలు రాయమంటుందేంటి ఆవిడ? నేనేమన్నా రేపోమాపో పోతున్నానా? అయినా నా తమ్ముడు లేడూ? మా అమ్మ లేదూ? వాణ్ణి రోడ్డున పడేస్తారా?"

తర్వాతి ఎండాకాలంలో కాయల లోడు ఎక్కిస్తుండగా లారీ పక్కనే గుండె పట్టుకుని కూలిపోయాడు.

రాతకోతలు లేకుండా పోయిన మగవాడి సొంత ఆస్తి భార్యకీ, బిడ్డకీ, తల్లికీ సమానంగా పోతుందని అప్పుడే తెలిసింది సూర్యకళకి. మూడెకరాల కొబ్బరితోట మూడు వాటాలైంది. అత్తగారు చిట్టెమ్మ తన ఎకరాన్ని, కొడుకు సంవత్సరీకం కూడా కాకుండానే, చిన్నకొడుకు వెంకటరాజుకి రాసిచ్చేసింది. "వాడికి ఆడపిల్లలున్నారమ్మా, నీకేముంది" అంది. ఆ 'నీకేముంది'లో మణిదీప్ లెక్కకి రాలేదు. శివరామకృష్ణ పెళ్ళికి ముందెప్పుడో కట్టడం మొదలుపెట్టిన పాలసీకి తల్లినే నామినీగా రాశాడు. పెళ్ళయింది, బిడ్డ పుట్టాడు, ఆ పేరు మాత్రం మార్చలేదు. ఆ సొమ్ము తిన్నగా చిట్టెమ్మకి వెళ్ళి, వెంకటరాజు ఇంటిముందు తెల్ల కారై నిలబడింది. ఆ కారులోంచి దిగుతూ వెంకటరాజు "అన్నయ్య జ్ఞాపకం వదినా" అన్నప్పుడు సూర్యకళకి ఉమ్మెయ్యాలనిపించింది. గుటక వేసింది.

గడ్డ తీశారు. పరీక్షకి పంపితే భయపడాల్సింది కాదని తేలింది. ఇంటికి వచ్చిన రోజున వెంకటరాజే కారులో మణిదీప్‌ని దింపి, గుమ్మం కూడా ఎక్కకుండా పని ఉందని వెళ్ళిపోయాడు.

వాడికి ఇష్టమని పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి పెడుతోంది సూర్యకళ. రెండు ముద్దలు తిన్నాడు. ఉన్నట్టుండి మెడ నిటారుగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, స్కూల్లో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా అన్నాడు:

"నా ఇష్టపూర్తిగా. ఎవరి బలవంతమూ లేకుండా. రాసిచ్చానండి."

ముద్ద ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. వాడి నోటివెంట అంత పొడుగు మాట పుట్టాక ఎప్పుడూ రాలేదు. "అమ్మా, ఆకలి", "బయటికెళ్దాం", అంతే వాడి భాష. 'అమ్మా' అన్న మాట పలకడానికి వాడికి నాలుగేళ్ళు పట్టింది. అద్దం ముందు కూర్చోబెట్టి, పెదవులు ఎలా కలపాలో వేలితో పట్టి చూపించి నేర్పింది ఆవిడ.

"ఏమన్నావు నాన్నా?"

మళ్ళీ అప్పజెప్పాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. చెప్పి, చెయ్యి చాపాడు.

"చాక్లెట్."

"ఎవరు నేర్పారు నాన్నా ఇది?"

"బాబాయ్. రోజూ. చెబితే చాక్లెట్. చెప్పకపోతే..." అని తన చెంప మీద తనే చిన్నగా కొట్టుకుని చూపించాడు. చూపించి నవ్వాడు.

సూర్యకళ కంచం పక్కకి జరిపి, కుట్లు లాగుతున్నా లేచి, వాడి చేతులు, వీపు, కాళ్ళు అన్నీ చూసింది. ఒంటి మీద దెబ్బలేవీ లేవు. ఎడమచేతి బొటనవేలి చర్మం మాత్రం ఎర్రగా కందిపోయి ఉంది. సిరా పోగొట్టడానికి దేంతోనో బాగా రుద్దినట్టున్నారు, గోటి మూలలో ఇంకా నీలం మిగిలే ఉంది.

సాయంత్రం ఫోన్ చేసి రమ్మంది. వెంకటరాజు, రామతులసి ఇద్దరూ వచ్చారు. ఆవిడ కూర్చోమనలేదు. వాళ్ళే కూర్చున్నారు.

"మణిని ఎక్కడికి తీసుకెళ్ళావు వెంకటరాజూ?"

అతను కాసేపు చెవి వెనక గోక్కున్నాడు. తర్వాత చాలా నిదానంగా, చిన్నపిల్లకి నచ్చజెప్పే గొంతుతో మొదలుపెట్టాడు.

"వదినా, నువ్వు ఆవేశపడకూడదు, ఆపరేషన్ అయిన మనిషివి. నీకేమన్నా అయితే వాడి ఎకరం ఏమవుతుంది చెప్పు? ఎవడో వచ్చి కాజేస్తాడు. అందుకని నా పేర పెట్టుకుంటే, వాడు బతికున్నన్నాళ్ళూ నేనే చూసుకుంటాను కదా. వాడి మంచికే."

"నేను చచ్చిపోతానని ఎవరు చెప్పారు నీకు?"

"అది కాదొదినా, ఎందుకైనా మంచిదని..."

"వేలెందుకు అరిగిపోయింది వాడికి?"

అప్పుడు రామతులసి అందుకుంది. ఆవిడ గొంతులో అపరాధం లేదు, ఫిర్యాదు ఉంది.

"మరేం చెయ్యమంటావక్కా! వారం రోజులు కూర్చోబెట్టి నేర్పాం. ఇంట్లో చక్కగా చెప్పాడు. తీరా ఆ రిజిస్ట్రారు గారు 'ఏం బాబూ, ఈ కాగితంలో ఏముందో తెలుసా' అనేసరికి, వీడు ఈయన వైపు తిరిగి 'ఇప్పుడు చెప్పనా బాబాయ్' అన్నాడు. ఆఫీసులో అందరూ నవ్వారు. ఆయన కాగితాలు మొహాన కొట్టి, ఇంకోసారి ఇలాంటి పని చేస్తే పోలీసుల్ని పిలుస్తానన్నాడంట. మా పరువు ఏమైందో తెలుసా నీకు? ఖర్చులు వేరే."

సూర్యకళ తోడికోడలి మొహంలోకి చూసింది. నున్నగా పౌడరు రాసుకున్న ఆ మొహంలో సిగ్గు ఏ మూలన్నా ఉందేమోనని వెతికింది. నిజంగానే ఆవిడ తన పరువు గురించి బాధపడుతోంది. ఒంటి మీద జెర్రి పాకినట్టయింది సూర్యకళకి.

"మాట రాని నా కొడుక్కి మీరు నేర్పిన మాట అదా!" అంది. "నేను నాలుగేళ్ళు కూర్చుని 'అమ్మా' నేర్పాను. మీరు వారంలో దొంగ సాక్ష్యం నేర్పారు. లేవండి. నా గుమ్మం దిగండి."

"మాట తూలుతున్నావొదినా. రేపు నీకు ఎవరు దిక్కు?"

"దిగండి."

కారు వెళ్ళిపోయాక వాళ్ళు కూర్చున్న సోఫా కవరు తీసి పెరట్లో నానబెట్టింది. అందులో మురికేం లేదు. అయినా సబ్బు పెట్టి ఉతికింది, కుట్లు నొప్పెట్టేదాకా.

మూడో రోజుకి జానకిరామ్ దిగాడు, తణుకు నుంచి. ఈసారి ఇల్లు చిన్నది కాదు. విషయం విన్నాడట, రక్తం మరిగిపోయిందట.

"అక్కా, పద మా ఇంటికి. అత్తింటివాళ్ళు ఎప్పుడైనా అత్తింటివాళ్ళే. పుట్టింటి చెయ్యి పుట్టింటిదే. నువ్వు కోలుకునేదాకా అక్కడే ఉందువు గాని, ఇద్దరూ."

ఆ మాటకి సూర్యకళకి కళ్ళనీళ్ళొచ్చాయి. మనిషి నీరసంగా ఉన్నప్పుడు ఎవరు ఏ మెత్తటి మాట అన్నా తలగడలా అనిపిస్తుంది. కొడుకుని తీసుకుని వెళ్ళింది. అక్కడ జానకిరామ్ మణిదీప్‌ని దగ్గర కూర్చోబెట్టుకుని పూతరేకులు తన చేత్తో తినిపించాడు, తల దువ్వాడు, కొత్త చొక్కా కొన్నాడు. మణిదీప్ "మామయ్య, మామయ్య" అంటూ వెనకాలే తిరిగాడు. సూర్యకళ చూసి మురిసిపోయింది. మరిది దగ్గర అంత దెబ్బ తిని కూడా మురిసిపోయిందంటే, ఆవిడకి ఒక్క మంచి చెయ్యి దొరకాలని ఎంత ఆత్రంగా ఉందో అర్థం చేసుకోవచ్చు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇంటికి ఎవరో వచ్చారు. నరసాపురం అవతలి పల్లె నుంచి ఒక తల్లి, పంతొమ్మిదేళ్ళ కూతురు. జానకిరామ్ భార్యకి దూరపు చుట్టాలట. ఆ పిల్ల పేరు సాయిదుర్గ. సన్నగా, నూనె రాసి గట్టిగా దువ్విన జడతో, ఎవరిదో పెద్ద పట్టుచీర కట్టుకుని ఉంది. జానకిరామ్ అక్కని లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

"అక్కా, మణికి పెళ్ళి చేసేద్దాం."

సూర్యకళకి మొదట అర్థం కాలేదు.

"వాడికో తోడు ఉంటుంది. నీ తర్వాత ఆ పిల్ల చూసుకుంటుంది. పేదవాళ్ళు, అణిగిమణిగి ఉంటారు. వీళ్ళకి కాస్త ఇల్లు బాగుచేయించి ఇద్దామని మాటిచ్చాను. ఆస్తి వ్యవహారాలు ఆ పిల్లకి తెలియవు, నేనున్నాను కదా. వెంకటరాజు మొహం ఎలా మాడిపోతుందో చూడు ఇక!"

"జానకీ, పెళ్ళంటే ఏంటో మణికి తెలుసా?"

"తెలియాల్సిన పనేముందక్కా. తాళి కట్టమంటే కడతాడు. చెప్పిందల్లా చేస్తాడు కదా వాడు."

సూర్యకళ బయటికి వచ్చింది. ఆ పిల్ల వంటింట్లో అరుగు పక్కన నిలబడి గ్లాసులు తుడుస్తోంది, ఎవరూ చెప్పకుండానే. సూర్యకళ దగ్గరికి వెళ్ళి, మెల్లగా అడిగింది.

"అమ్మా, నీకు ఈ సంబంధం ఇష్టమేనా?"

"ఆయ్. ఇష్టమేనండి."

"మా అబ్బాయి సంగతి అన్నీ చెప్పారా నీకు?"

"చెప్పారండి." ఆ పిల్ల తలెత్తకుండా, ధైర్యం చెబుతున్నట్టు అంది. "ఇలాంటివాళ్ళు ఎక్కువకాలం ఉండరంట కదండీ. నాలుగేళ్ళు ఓపిక పడితే తర్వాత నా బతుకు నాదేనన్నారండి జానకిరామ్ మావయ్యగారు. తోట నా పేర వస్తుందంట, ఆయనే చూసిపెడతారంట. నేను బాగానే చూసుకుంటానండి అన్నాళ్ళూ. నాకు తమ్ముళ్ళని పెంచడం అలవాటేనండి."

సూర్యకళ పెరటి తలుపు తీసుకుని దిగి, మొక్కల మొదట్లో వాంతి చేసుకుంది. తిన్నదంతా పోయినా ఆగలేదు. చావు ముహూర్తం కూడా పెట్టేశాడు తన కడుపున పుట్టినవాడికి, తన రక్తం పంచుకు పుట్టినవాడు. ఆ చేత్తోనే పూతరేకులు తినిపించాడు. మరిది దొంగతనం చేశాడు, పట్టుబడ్డాడు. వీడు నెమ్మదిగా, ముద్దు చేస్తూ, తల దువ్వుతూ లెక్క వేసుకున్నాడు. ఏది ఎక్కువ నీచమో తేల్చుకోవడానికి కూడా ఆవిడకి అసహ్యం వేసింది.

సాయిదుర్గ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. భయంగా చూస్తోంది, తనేదో తప్పు మాట్లాడానేమోనని. ఆ పిల్ల మీద సూర్యకళకి కోపం రాలేదు.

"ఏం చదివావమ్మా?"

"ఇంటర్ అయిందండి."

"ఇంటికెళ్ళి, ఈ సంబంధం ముసలిది చెడగొట్టిందని చెప్పు. నువ్వు ఒద్దన్నావని చెప్పకు, తిడతారు. నేనే చెడగొట్టానని చెప్పు. మళ్ళీ ఎవరన్నా నాలుగేళ్ళు ఓపిక పట్టు అంటే, పట్టకు."

ఆ సాయంత్రం బస్సులోనే కొడుకుని తీసుకుని బయల్దేరింది. జానకిరామ్ బస్టాండు దాకా వెంటపడి వచ్చాడు. "నీ మంచికే కదక్కా" అన్నాడు. ఆ 'మంచి' అనే మాట రెండువైపుల నుంచీ విని విని ఆవిడకి వాసన వచ్చింది, రెండు రోజులు మూతపెట్టి మరిచిపోయిన కూరలా.

ఆ వారమే రాజమండ్రిలో గణేష్‌బాబు గారనే వకీలు దగ్గరికి వెళ్ళింది. పెద్దాయన, తొందరపడని మనిషి. ఆవిడ చెప్పిందంతా విన్నాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ముందొక సంగతి అమ్మా. మీరు వీలునామాలో ఆస్తి మీ అబ్బాయి పేర నేరుగా రాయకండి. రాస్తే, అతని వేలు ఎవరి చేతిలో ఉంటే ఆస్తి వాళ్ళదే. మీకిప్పుడు బాగా తెలిసే ఉంటుంది."

"మరి వాడికి కాకపోతే ఎవరికి రాయనండీ?"

"ట్రస్టు పెడదాం. మీ ఎకరం, మీ ఇల్లు ట్రస్టు కిందికి వస్తాయి. వచ్చే ఆదాయం మీ అబ్బాయి తిండికీ, మందులకీ, ఉండటానికీ తప్ప ఇంకెందుకూ వాడకూడదని రాస్తాం. ఇక ఇప్పటికే అతని పేర ఉన్న ఎకరం. అతనికి పద్దెనిమిది దాటాయి కాబట్టి, మీరు తల్లి అయినా అతని బదులు సంతకం పెట్టే హక్కు మీకు లేదు. కలెక్టరు గారి కమిటీకి అర్జీ పెట్టి మిమ్మల్ని లీగల్ గార్డియన్‌గా వేయించుకోవాలి. మీ తర్వాత ఎవరో కూడా ఇప్పుడే చెప్పుకోవాలి. ఎవరున్నారు మీకు?"

సూర్యకళ నోరు తెరిచింది. ఒక్కొక్క మొహమే కళ్ళముందుకి వచ్చింది. వచ్చిన మొహమల్లా నవ్వుతూ వచ్చింది.

వకీలు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఒక్కరి కోసం వెతక్కండమ్మా. అన్నం పెట్టే మనిషీ డబ్బు పట్టే మనిషీ ఒకరే కాకూడదు. ఇద్దరుంటే ఒకరి మీద ఒకరికి కన్నుంటుంది. వాళ్ళు దేవుళ్ళు కానక్కర్లేదు."

ఆ మాట పట్టుకుని ఆవిడ ముందు ప్రసన్నకుమారి గారిని అడిగింది. స్కూలు వెనకాలే ఇంటికి పంపలేని పిల్లల కోసం ఈ మధ్యే చిన్న హాస్టలు కూడా మొదలుపెట్టింది ప్రసన్నకుమారి. "నా ఇంట్లో పెట్టుకుంటానని చెప్పను సూర్యకళ గారూ. హాస్టల్లో ఉంచుతాను. నేను పోతే ఆ పని చేసే ఇంకొకరి పేరు కూడా రాయండి. నేనూ శాశ్వతం కాదు" అంది.

తర్వాత కాకినాడ వెళ్ళింది. శివరామకృష్ణ అక్క కూతురు హేమశ్రీ అక్కడ బ్యాంకులో పనిచేస్తుంది. పొడిగా మాట్లాడే మనిషి, పండక్కి కూడా ఫోన్ చెయ్యదు. అంతా విని, కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

"అత్తయ్యా, నేను మణిని నా దగ్గర పెట్టుకోలేను. నాకంత ఓపిక లేదు. డబ్బు చూడమంటే చూస్తాను. కానీ ఊరికే చెయ్యను."

"అంటే?"

"కౌళ్ళు వసూలు చెయ్యాలి, హాస్టలుకి కట్టాలి, వెళ్ళి ఎలా ఉన్నాడో చూసి రావాలి, ఏడాదికోసారి ఆడిటర్‌కి చూపించాలి. నాకు ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. మొదట్లో ప్రేమకొద్దీ చేస్తాను, తర్వాత విసుగొస్తుంది. విసుగొస్తే తప్పులు చేస్తాను. కాబట్టి ఏటా నాకు ఇంత అని అందులోనే రాయండి. రాసిందానికంటే రూపాయి ఎక్కువ తీసుకుంటే నన్ను తీసెయ్యమని కూడా రాయండి."

సూర్యకళ ఊపిరి లోపలిదాకా వెళ్ళింది. ఇన్ని వారాల్లో ఆవిడ విన్న శుభ్రమైన మాట అదొక్కటే. కొడుకులాంటివాడనలేదు, కంటికి రెప్పలా చూస్తాననీ అనలేదు. పనికి కూలి అడిగింది.

"అలాగే రాయిస్తానమ్మా" అంది. ఎంత రాయించాలో ఇద్దరూ కూర్చుని కూరగాయలు బేరమాడినట్టు బేరమాడుకున్నారు.

కలెక్టరు గారి కమిటీకి అర్జీ పెట్టించాక, వీలునామా చిత్తు చదివి వినిపిస్తూ వకీలు "నా ఇష్టపూర్తిగా, ఎవరి బలవంతమూ లేకుండా" అన్నాడు. సూర్యకళ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ ముక్క తీసెయ్యండి."

"అలా రాయడం ఆనవాయితీ అండి."

"నాకు ఆ మాట వింటే వాంతొస్తోందండి. ఇంకోలా రాయండి."

ఆయన కలం తీసి ఆ ముక్క కొట్టేశాడు. 'నా సొంత ఆలోచనతో, తెలివితో' అని మార్చాడు. ఆపరేషన్ మత్తులో రాసిందని రేపెవరూ అనకుండా, ఆవిడకి వైద్యం చేసిన డాక్టరునే ఒక సాక్షిగా పెట్టమన్నాడు. ఆస్తిలో పైసా రాని ఇంకొకరు రెండో సాక్షి. అన్నీ అయ్యాక ఆవిడ, "ఇంకో వాక్యం ఉందండీ, రాసుకోండి" అని చెప్పింది. ఆయన విని, ఒకసారి ఆవిడ మొహంలోకి చూసి, రాసుకున్నాడు.

రిజిస్టరయిన సంగతి ఎలా పొక్కిందో గానీ, తర్వాతి ఆదివారం ఇంటిముందు తెల్ల కారు ఆగింది. అందులోంచి ముందు వెంకటరాజు దిగాడు. వెనక తలుపు తీసుకుని జానకిరామ్ దిగాడు. శివరామకృష్ణ దినాల దగ్గర కొట్టుకోబోయి అప్పటినుంచీ మొహామొహాలు చూసుకోని ఇద్దరూ ఒకే కారులో వచ్చారు. ఒకే సోఫాలో ఒకరి మోకాలు ఒకరికి తగిలేలా కూర్చున్నారు.

"ఏంటక్కా ఇది? మేమిద్దరం చచ్చామనుకున్నావా? బయటివాళ్ళకి రాయడమేంటి?"

"హేమశ్రీ బయటిది కాదు, మీ అక్క కూతురే" అంది సూర్యకళ వెంకటరాజు వైపు తిరిగి.

"జీతం తీసుకుని చూస్తుందంట కదొదినా! సొంత మనిషైతే జీతం అడుగుతుందా? రక్తసంబంధం ఉన్నవాళ్ళం మేం, పైసా వద్దంటున్నాం. ఊళ్ళో అడుగుతుంటే తల ఎత్తుకోలేకపోతున్నాం."

"పోనీ అక్కా," జానకిరామ్ గొంతు తగ్గించాడు. "అయిందేదో అయింది. వీలునామా ఎప్పుడైనా మార్చుకోవచ్చంట కదా. రెండోవాళ్ళుగానన్నా మా పేర్లు వేయించు. ఇద్దరివీ. మాకేం గొడవ లేదు."

ఇద్దరూ ముందే మాట్లాడుకుని పంచుకున్నారని ఆవిడకి అప్పుడు అర్థమైంది. ఎకరం నీకు, ఎకరం నాకు. కారులో వస్తూ వస్తూ తేల్చేసుకుని ఉంటారు. ఒకే చేపని రెండువైపుల నుంచి పీకే పిల్లులు కూడా ఇంత స్నేహంగా ఉండవు.

"మీ పేర్లు ఉన్నాయి అందులో" అంది.

ఇద్దరి మొహాలూ ఒక్కసారి వెలిగాయి. వాళ్ళు దాచుకోవడానికి ప్రయత్నించారు, కుదరలేదు. సూర్యకళ ఆ వెలుగుని పూర్తిగా చూసింది. చూసి, ఒక్కొక్క మాటా ఆపి ఆపి చెప్పింది.

"పెదాలు కదిపి పద్యం నేర్పినట్టు వాడికి దొంగమాట నేర్పిన వెంకటరాజూ, వాడు నాలుగేళ్ళలో పోతాడని పిల్లని కుదిర్చిన జానకిరామూ, వీళ్ళిద్దరూ గానీ, వీళ్ళ భార్యాబిడ్డలు గానీ, ఎప్పటికీ నా కొడుక్కి గార్డియన్‌గా ఉండకూడదు, వాడి ఆస్తి ముట్టుకోకూడదు, కారణాలు ఇవీ అని రాయించాను. వకీలు గారు అంత వివరంగా అక్కర్లేదన్నారు. నేనే రాయమన్నాను. డాక్టరు గారు కూడా చదివే సంతకం పెట్టారు. నేను పోయాక దాన్ని ఎవరు తెరిచినా చదువుతారు."

జానకిరామ్ లేచాడు. "సొంత తమ్ముణ్ణి కాగితం మీదకి ఎక్కిస్తావా?" అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి నిజమైన నీళ్ళే. రామతులసి పరువు బాధ లాంటివే. తను చేసిన పనికి కాదు, అది రాసినందుకు ఏడుస్తున్నాడు. సూర్యకళ తలుపు తీసి పట్టుకుంది.

మణిదీప్ లోపలి గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. కారు స్టార్టయిన చప్పుడు విన్నాడు. "మామయ్యా! బాబాయ్!" అని గేటు దాకా వెళ్ళాడు. వాళ్ళు అద్దాలు ఎత్తేశారు. కారు గట్టు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా వాడు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

తర్వాత వాళ్ళు రాలేదు. వస్తారని ఆవిడ అనుకోనూ లేదు. కానీ మణిదీప్ అనుకున్నాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడగమని, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తల దువ్విన చేతులు, చాక్లెట్లు ఇచ్చిన చేతులు, వాడికి అవన్నీ ఒకటే. బూటకపు ప్రేమనీ నిజమైన ప్రేమనీ వేరుచేసే జల్లెడ దేవుడు వాడికివ్వలేదు. వాడి ఇరవై నాలుగేళ్ళలో చుట్టాలు వాణ్ణి దగ్గరికి తీసింది ఆ కొద్ది వారాలే. "బాబాయ్ ఏడీ? మామయ్య ఏడీ?" అని అడిగేవాడు. మధ్యాహ్నానికి ఏడ్చేవాడు.

సూర్యకళకి ఆ ఇద్దరి మీద మిగిలిన కాస్త జాలి కూడా ఆ గేటు దగ్గరే పోయింది. ఆస్తికి కంచె వేయగలిగింది గానీ, వాడి ఆదివారాలకి ఏం వేస్తుంది?

ఒక ఆదివారం వాడు కుర్చీ తీసుకెళ్ళబోతుంటే ఆవిడ ఆ కుర్చీ లాక్కుని లోపల పెట్టింది. వాడికి చెప్పులు తొడిగి, ఇంటికి తాళం వేసి, వాడితో కలిసి రావులపాలెం బస్సెక్కింది. ప్రసన్నకుమారి గారి హాస్టల్లో పిల్లలు ఉదయం టిఫిను తింటున్నారు. వాళ్ళల్లో వాడి స్కూలు స్నేహితుడొకడు లేచి "మణీ" అని పక్కకి జరిగాడు. మణిదీప్ ఒకసారి వెనక్కి తిరిగి అమ్మ ఉందో లేదో చూసుకుని, వెళ్ళి ఆ ఖాళీలో కూర్చున్నాడు.